నాలుగింటి అడుగులు

కొరియాలోని ఇంచన్ నగరంలో ఒక పాత అపార్టుమెంటు, ఆరో అంతస్తు, 604. మధ్యాహ్నం మూడు దాటింది. కంప్యూటరు చూడటానికి వచ్చినతను బల్ల కింద ఉన్నాడు. ఇంటావిడ పక్కనే నిలబడి ఉంది.

"కరెంటు బానే వస్తోంది మామ్మగారూ. పెట్టె తిరుగుతోంది. తెర కూడా వెలిగింది."

"తెర వెలిగితే నాకేం ఒరిగింది? నేనేమన్నా సినిమాలు చూస్తానా? నాకు సౌండు కావాలి."

"అదే చూస్తున్నా. స్పీకర్లేవీ?"

"ఉన్నాయి."

"బల్ల మీద లేవే. తీగ మాత్రం గోడెక్కి పోతోంది."

"తీగ వెంబడే తలెత్తి చూడు."

"అమ్మో."

"ఏం, అమ్మో?"

"సీలింగుకి బిగించారేంటండీ? మూతి పైకి పెట్టి మరీ!"

"ఎవరు వినాలో వాళ్ళ వైపే ఉండాలి కదా మూతి."

"ఇంత పెద్ద డబ్బా... ఎవరు బిగించారు?"

"ఏసీలు పెట్టే అతను. ఎందుకని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. బుద్ధిమంతుడు."

"నేనూ అడగనులెండి."

"అడిగితే మాత్రం దాస్తానా? ఇది పైన 704 వాళ్ళకి. రోజూ నాలుగింటికి మొదలెడతాను, ఐదింటిదాకా. మూడు నెలలైంది. ఒక్క రోజు తప్పలేదు. ఆదివారాలూ మానలేదు, పండక్కీ మానలేదు. తీరా ఇప్పుడు ఈ దిక్కుమాలిన పెట్టె మొరాయించింది."

"ఐదు రోజుల్నించీ."

"ఐదు రోజులని నేను చెప్పానా?"

"కాపలా ఆయన చెప్పాడు. 604 మామ్మగారి కంప్యూటరుకి నోరు పడిపోయింది, నీకా పని వచ్చుగా, ఓసారి చూసిపో అన్నాడు."

"ఆ ముసలాడి నోట్లో నువ్వుగింజ నానదు. 704 ఊసు నా దగ్గర ఎత్తితే ఊరుకోనని చెప్పాను కాబట్టి గానీ, లేకపోతే వాళ్ళ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కూడా మోసుకొచ్చేవాడు. ఇంతకీ నీకు పని వచ్చా, ఊరికే వచ్చావా?"

"కంప్యూటర్ల కొట్లో తొమ్మిదేళ్ళు చేశాను మామ్మగారూ. ఇప్పుడు రాత్రిళ్ళు పార్సిళ్ళు వేస్తున్నా. పాత మిషన్లంటే నాకు చెయ్యి తిరిగిన పనే."

"అయితే కానీ. నాలుగింటికల్లా పలకాలి."

"ముందు ఇటు చూడండి, తెర మీద ఈ మూల. చిన్న స్పీకరు బొమ్మ ఉందా? దాని మీద ఎర్ర గుర్తు."

"అది ఎప్పుడూ అక్కడే ఉంటుందేమో అనుకున్నా."

"ఉండకూడదు. నాకు స్పీకర్లే తగిలించలేదని అంటోంది ఇది. వెనక ఏమన్నా కదిపారా?"

"కదపకుండా ఎలా? మా ఆయన పుట్టినరోజు వచ్చింది. పోయిన మనిషైనా అన్నం గిన్నె, చేప ముక్క పెట్టాలిగా. ఈ మూలంతా తుడిచాను. తీగలన్నీ పీకి, దులిపి, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేశాను."

"ఎక్కడివక్కడ పెట్టలేదండీ. ఇక్కడ మూడు కన్నాలున్నాయి, ఆకుపచ్చ, గులాబి, నీలం. స్పీకరుది ఆకుపచ్చలోకి పోవాలి. మీరు గులాబీలో గుచ్చారు. అది మైకుది."

"ఆ మూల చీకట్లో నాకు రంగులేం కనబడి చచ్చాయి. మార్చు మరి."

"మార్చా. ఎర్ర గుర్తు పోయింది. ఇప్పుడు నొక్కండి."

"నొక్కాను. ఏదీ?"

"ఏం లేదు."

"అదేగా నేను ఐదు రోజులుగా మొత్తుకుంటున్నది!"

"తొందరపడకండి. స్పీకరు డబ్బాకి విడిగా స్విచ్చుందా?"

"ఉంది, వేసే ఉంది. దీపం కనబడట్లా?"

"సౌండు ఎంతలో పెట్టారు?"

"వందలో."

"వందలోనా!"

"నూటపాతిక ఉంటే నూటపాతికలో పెట్టేదాన్ని."

"అయితే ఇది లోపలి తప్పే. సౌండు డ్రైవరు చెడింది. పెట్టె మాటని స్పీకరుకి అందించే ప్రోగ్రాము అది. దాన్ని తీసేసి మళ్ళీ ఎక్కించాలి. పాత మిషను కదా, నత్తలా పోతుంది. ఓ పావుగంట."

"నాలుగింటిలోపు అవుతుందా?"

"అవ్వాలి."

"నాకన్నా నువ్వే గట్టిగా అంటున్నావే."

"అంటే... పని మొదలెట్టాక మధ్యలో వదిలేస్తే నాకు నిద్ర పట్టదు."

"కూర్చో అయితే. నేల కింద హీటరుంది, వెచ్చగానే ఉంటుంది. ఇదిగో, బార్లీ టీ తాగు. ఎండు పెర్సిమన్ పండ్లున్నాయి, ఒకటి తీసుకో."

"ఏం పెడతారు మామ్మగారూ వాళ్ళకి? కొందరు దయ్యాల ఏడుపులూ, డ్రిల్లు మిషన్ల మోతా పెడతారని విన్నాను."

"ఛ, ఆ అరువు సరుకు నాకెందుకు? వాళ్ళది వాళ్ళకే తిరిగిస్తున్నాను. వాళ్ళ పిల్ల పరుగు."

"పరుగంటే..."

"పరుగంటే పరుగే. ఐదేళ్ళ పిల్ల, బోమీ అని. నాలుగింటికి బడి నుంచి దిగేది. చెప్పులు విప్పీ విప్పకముందే దడదడదడ! వంటింట్లోంచి గుమ్మం దాకా, గుమ్మంలోంచి వంటింటి దాకా. కింద మనిషి చచ్చాడో బతికాడో పట్టదు. ఇక్కడ, నువ్వు కూర్చున్న చోటే, మా ఆయన మంచం. ఎముకల్లో కేన్సరు. జనవరి నుంచి జూన్ దాకా ఈ సీలింగు చూస్తూ పడుకున్నాడు. నాలుగయ్యేసరికి కళ్ళు ఇంతలేసి చేసుకుని పైకి చూసేవాడు. కాస్త కునుకు తియ్యండి అంటే వినిపించుకునేవాడు కాదు. ఎలా పడుతుంది కునుకు, నెత్తి మీద గుర్రాలు పరిగెడుతుంటే?"

"ఆయనే రికార్డు చేశారా?"

"మరి? ఇరుగుపొరుగు గొడవలు చూసే ఆఫీసుకి ఫోన్ చేస్తే తేదీ, టైము, ఎంతసేపు, అన్నీ రుజువుతో రాసి పంపమన్నారు. ఆయన రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు చేశాడు, టైమంటే ప్రాణం. నాలుగు కాబోతోంది అంటే చాలు, మైకు పెట్టు మల్జా, తలుపు వేసుకుని వెళ్ళు అని నన్ను పంపేసేవాడు. రుజువులో నా గిన్నెల చప్పుడు పడకూడదని నేనూ బయటికి పోయేదాన్ని."

"పంపారా ఆఫీసుకి?"

"ఇంకా కొన్ని రోజులు కానీ, ఇంకా కొన్ని రోజులు కానీ అంటూ గడిపేశాడు. మెత్తని మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఇక లాభం లేదని నేనే ఎక్కాను పైకి. ఆయనకి చెప్పలేదు. చెబితే వద్దంటాడు."

"ఎన్నిసార్లు ఎక్కారు?"

"మూడుసార్లు. మొదటిసారి వెళ్తే ఆ బోమీ అమ్మ వంగి వంగి దణ్ణాలు పెట్టింది. మర్నాడు ద్రాక్షపళ్ళ పెట్టె పంపింది. తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలోనే పెట్టొచ్చాను. మా ఆయన నిద్రకి ద్రాక్షపళ్ళు ఖరీదా? రెండోసారికి నేలంతా రబ్బరు చాపలు పరిచింది. అయినా వినబడేది. మూడోసారి పిల్లనే గుమ్మంలోకి పిలిచాను."

"పిల్లనా?"

"పిల్లనే. నువ్వు పరిగెట్టిన ప్రతిసారీ కింద తాతకి ఒక ముల్లు గుచ్చుకుంటుంది, తాత చచ్చిపోతే నీ వల్లే అని చెప్పాను."

"ఐదేళ్ళ పిల్లతోనా!"

"నోరు తెరుచుకుని చూస్తావేం? మొత్తానికి పని చేసింది! ఆ రోజుతో పరుగు బందు. ఆ బోమీ అమ్మకి అప్పుడొచ్చింది రోషం. అంత పడకపోతే విడి ఇల్లు కొనుక్కోండి అంది నన్ను."

"అంత మాట అందా?"

"ఏడుస్తూ అందిలే. ఏడుస్తూ అంటే మాత్రం మాట మాట కాకుండా పోతుందా?"

"ఆ తర్వాత తాతగారికి నిద్ర పట్టిందా?"

"ఆ తర్వాత పదహారు రోజులే ఉన్నాడు. ఆ పదహారు రోజులూ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే పలికేవాడు కాదు. అప్పటికే ఆలస్యమైపోయింది, మనిషి నలిగిపోయాడు. వాళ్ళు ఆరు నెలలు నా మొగుడికి నిద్ర లేకుండా చేసి పంపారు. నేను వాళ్ళని ఊరికే వదులుతానా? నేను బతికున్నన్నాళ్ళూ వింటారు."

"మూడు నెలల్లో ఎవరూ కిందికి దిగి అడగలేదా, ఇదేంటని?"

"లేదు! అదే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్కసారైనా వచ్చి తలుపు కొట్టాలి కదా, ఆపమని బతిమాలాలి కదా. అప్పుడు నేను అనాలి, విడి ఇల్లు కొనుక్కోండి అని. ఆ మాట నోట్లో పెట్టుకుని కూర్చున్నాను మూడు నెలలుగా."

"డ్రైవరు ఎక్కింది. ఇప్పుడు పలకాలి. స్పీకరు కిందికి దించుతా, స్టూలివ్వండి. పైనుంటే మనకి సరిగ్గా తెలియదు."

"దించకు."

"ఎందుకూ?"

"నేను వినను. నొక్కేసి, తాళం పెట్టి, ముసలోళ్ళ క్లబ్బుకి పేకాటకి పోతాను. వచ్చేసరికి దానంతటదే ఆగిపోయి ఉంటుంది."

"ఒక్కసారి కూడా వినలేదా?"

"ఆ దడదడ ఆయన బతికుండగా విన్నది చాలదా?"

"దడదడ సరే. మిగతాది?"

"మిగతాదేంటి? ఇంకేముంది అందులో?"

"ఏం లేదు. దించాను, అయిపోయింది. నొక్కుతున్నా."

"ఏప్రిల్ తొమ్మిది, మంగళవారం. సమయం నాలుగూ పది. పై లైను బండి వంటింటి స్టేషనులో సిద్ధముగా ఉన్నది. ప్రయాణికులు పసుపు గీత వెనక్కి జరగవలెను."

"ఆపు!"

"మామ్మగారూ..."

"ఆపమంటుంటే! అది ఆయన గొంతు."

"ఆపాను. కూర్చోండి. టీ తాగండి."

"ఆయన గొంతు... అంత గట్టిగా ఉంది. నాతో మాట్లాడేటప్పుడు ఊపిరి అందేది కాదు. ఇందులో ఎందుకు మాట్లాడాడు?"

"తేదీ, టైము చెప్పాలన్నారుగా ఆఫీసువాళ్ళు."

"అదే. అందుకే అయ్యుంటుంది. రుజువు కోసం."

"పసుపు గీత కూడా రుజువు కోసమేనా?"

"అది అలవాటు! ముప్పై నాలుగేళ్ళు స్టేషన్లో చెప్పిందే చెప్పాడు. నోటికి వచ్చేసింది. అంతే."

"మళ్ళీ పెట్టనా?"

"పెట్టు."

"...బయల్దేరింది. హాలు దాటుతోంది. వేగం బాగుంది, వేగం చాలా బాగుంది..."

"ఇప్పుడు గెంతుతుంది."

"ఎవరు?"

"విన్నారా? రెండు కాళ్ళూ కలిపి. చెప్పులు విప్పే చోట మెట్టుంది, అక్కడ గెంతుతుంది. మర్నాటి రికార్డులో అక్కడే పడుతుంది. పడి, ఏడవకుండా లేచి, మళ్ళీ మొదటి నుంచి పరిగెడుతుంది. మీ ఆయన అప్పుడు నవ్వుతాడు."

"మర్నాటి దాంట్లో ఏముందో నాకే తెలియదు, నీకెలా తెలుసు? ఎవరు నువ్వు?"

"బోమీ నాన్నని."

"704?"

"704."

"నా ఇంట్లోకొచ్చి, నా నేల మీద కూర్చుని, నా టీ తాగి..."

"మీరు మా ఆవిణ్ణి చూశారు, పాపని చూశారు. నన్ను చూడలేదు. అప్పట్లో తెల్లారకముందే పోయి రాత్రి పదకొండింటికి వచ్చేవాణ్ణి."

"దేనికొచ్చావు? తీగ కొయ్యడానికా?"

"మొదటిరోజు అందుకే దిగాను, కత్తెర పట్టుకుని. మీరు తాళం పెట్టి వెళ్ళిపోయారు. మీరు ఎదురుగా ఉండుంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు."

"బెదిరిస్తున్నావా?"

"చెబుతున్నాను. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నా ఆ రోజు. కింది నుంచి పాప అడుగులు. తిరిగొచ్చేసిందనుకున్నాను. గదులన్నీ వెతికాను మామ్మగారూ. దాక్కుందేమోనని బీరువా కూడా తీశాను."

"తిరిగి రావడమేంటి? ఎక్కడికెళ్ళింది?"

"జూలైలోనే మా ఆవిడ తీసుకెళ్ళిపోయింది, గున్‌సాన్‌లో పుట్టింటికి. మీరు మూడోసారి వచ్చి వెళ్ళాక పాప మునివేళ్ళ మీద నడవడం మొదలెట్టింది. ఇంట్లో సరే, బడిలోనూ అంతే, పార్కులో ఇసకలోనూ అంతే. మామూలుగా నడువమ్మా అంటే, తాతకి ముల్లు గుచ్చుకుంటుంది అనేది. తాత పోయాడని తెలిసిన రోజు నుంచి అసలు మంచం దిగలేదు."

"నాకు ఎవరూ చెప్పలేదే."

"మా ఊసెత్తొద్దన్నారుగా."

"మరి ఈ మూడు నెలలూ... ఎవరున్నారు పైన?"

"నేనొక్కణ్ణే."

"తగిలిందా నీకు?"

"తగిలింది."

"బాగా తగిలిందా?"

"వారం రోజులు ముద్ద దిగలేదు."

"మంచిది."

"ఆ తర్వాత నాలుగవకముందే లేచి, నేలకి చెవి పెట్టి పడుకోవడం అలవాటైంది. మా పాప బడి నుంచి వచ్చి ఎలా పరిగెడుతుందో నేను ఎప్పుడూ వినలేదు మామ్మగారూ. మీ స్పీకర్లోనే మొదటిసారి విన్నాను. ఐదు రోజుల్నించి అది ఆగిపోతే పిచ్చెక్కినట్టయింది. కాపలా ఆయన్ని నేనే వెళ్ళి అడిగాను, కింద ఏమైందని."

"అంటే నేను నిన్ను కాల్చుకు తింటున్నానని సంబరపడుతుంటే, నువ్వు హాయిగా పడుకుని వింటున్నావన్నమాట!"

"హాయో ఏమో."

"నా మొగుడు నిద్ర లేక చచ్చాడు, నేను నీకు జోల పాడుతున్నానన్నమాట! పీకు. ఆ తీగ పీకు. పెట్టె పట్టుకెళ్ళి చెత్తలో పడేస్తాను. ఇక జన్మలో నీ కూతురి అడుగు నీ చెవిన పడకుండా చేస్తాను."

"చెయ్యండి. ఇప్పుడు మీ చేతికి నిజమైన కత్తి దొరికింది. నేను అడ్డం రాను, తీగ నేనే పీకి ఇస్తాను. కానీ ఒక్కటి విన్నాక."

"ఏం వినాలి?"

"ఆఖరిది. రోజూ ఐదింటికి వస్తుంది. అందులో పాప లేదు. అడుగే లేదు. మీ ఆయన మాటలే, చాలాసేపు. కాంక్రీటులోంచి గొంతు తెలుస్తుంది గానీ మాట తెలియదు. మూడు నెలలుగా చెవి నొక్కి పెట్టి వింటున్నా, ఒక్క ముక్క అర్థం కాలేదు. మమ్మల్నే తిడుతున్నాడేమో. తిడితే ఎదురుగా కూర్చుని తిట్టించుకుందామని వచ్చాను."

"తిట్టే ఉంటాడు."

"అయితే మీకూ సంతోషమేగా."

"ఎప్పటిది?"

"మే ముప్పై ఒకటి అని ఉంది."

"పోవడానికి తొమ్మిది రోజుల ముందు. నాతో ఒక్క మాట మాట్లాడని రోజులు. తిట్టాడు, నాకు తెలుసు. మెత్తని మనిషైనా చచ్చేముందు కడుపులో ఉన్నది కక్కుతాడు. పెట్టు. ఇంకా పెంచు. అంతా పెంచు. నీకు ఒక్క ముక్క కూడా పోకూడదు."

"పెడుతున్నా."

"మే ముప్పై ఒకటి, శుక్రవారం. నాలుగూ పది దాటింది, నాలుగున్నర దాటింది, ఐదు కావస్తోంది. పై లైను బండి ఈ రోజు కూడా రాలేదు. వారమైంది. మల్జా, ఇది నీకే. ఎదురుగా చెబితే ఏడుస్తావని ఇందులో చెబుతున్నా. నువ్విచ్చే మధ్యాహ్నం మాత్రలు నేను మింగట్లేదే. కిటికీలోంచి పారేస్తున్నాను, తిట్టకు. మింగితే నిద్ర ముంచుకొస్తుంది, బండి తప్పిపోతుంది. రోజు మొత్తానికి నాకున్నది ఆ ఒక్క బండే కదా. పిల్లకి జ్వరమేమో అనుకున్నా మొదట. కాదు. పైన తిరుగుతూనే ఉంది, వేళ్ళ మీద, భయం భయంగా. నాకు తెలుస్తూనే ఉంది. ఎవరో బెదరగొట్టారు దాన్ని. అంత చిన్నపిల్ల కాళ్ళు కట్టేసిన మనిషి ఎవరో నాకు తెలియాలి. నేనా, లేవలేను. నీకైతే కాళ్ళున్నాయి, నోరుంది. పైకెక్కి కనుక్కో మల్జా. ఎవరైనా సరే, కనుక్కుని, ఆ మనిషిని మాత్రం వదలకు."